దెయ్యానికి ముఖం పెట్టిన పాపం

నాకు పుంగనూరు మీద కోపం ఉంది. మదనపల్లె మీద అంతకంటే కాస్త ఎక్కువ ఉంది. కుప్పంలో నాకు మంచే జరిగింది కాబట్టి ఆ ఊరి మీద ఉండకూడదు, అయినా ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు, మా ఇంట్లో ఒకప్పుడు ఉండిన పొట్టి ఆవు మీద ఉన్న కోపం ఒక ఎత్తు. ఆ ఆవు పోయి ఎంతో కాలమైంది. కోపం మాత్రం నిక్షేపంగా ఉంది.

"ఇంకా మరిచిపోలేదా తాతా" అంటారు మా మనవళ్ళు. ఎందుకు మరిచిపోవాలి? అవమానాలు పడింది నేను, ఇన్నాళ్ళు చెదలు పట్టకుండా దాచుకున్నది నేను. ఊరికే పారబోయమంటే ఎలా? ఒక మనిషి తన సొంత చేతులతో, సొంత కుంచెతో, సొంత గంజితో, నిండిన సినిమా డేరాను ఎలా ఖాళీ చేశాడో ఇప్పుడు చెప్పబోతున్నాను. ఆ మనిషిని నేనే. తప్పు కూడా నాదేనని మీరు తొందరపడి అనుకోకండి. పూర్తిగా వినండి. విన్నాక అలాగే అనుకుంటే మీ మీద కూడా కోపం పెట్టుకుంటాను. నాకు చోటుకు కొదవ లేదు.

యుద్ధం ఇంకా జరుగుతున్న రోజులు. గోవిందప్పగారని ఒకాయన పుంగనూరు సంత మైదానం పక్కన డేరా టాకీసు నడిపేవారు. ఒక ఊళ్ళో కొన్నాళ్ళు ఆడించడం, జనం పల్చబడగానే డేరా విప్పి బండ్లకెత్తి ఇంకో ఊరికి పోవడం ఆయన వృత్తి. ముందు ఇసుక పోసిన నేల, దాని వెనక బెంచీలు, వాటి వెనక కుర్చీలు. నేల మీద కూర్చున్నవాళ్ళకు చీమలు, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు నల్లులు. ఎవరికి తగ్గ మర్యాద వాళ్ళకు జరిగేది.

నేనప్పుడు మా మేనమామ బెల్లం మండీలో గోతాల మీద గుర్తులు వేసేవాణ్ణి. నేను వేసిన నెమలిని చూసి చాలామంది కోడి అన్నారు. వాళ్ళందరి పేర్లూ నాకు గుర్తున్నాయి. గోవిందప్పగారు ఒక్కరే నెమలి అన్నారు. ఆ ఒక్క మాటకు మండీ వదిలేసి ఆయన డేరాలో బొమ్మల పనికి చేరాను. కాగితం కరువు వల్ల మద్రాసు నుంచి పోస్టర్లు ఒకటో రెండో తప్ప వచ్చేవి కావు. వచ్చినదాన్ని చూసి మిగతావి చేత్తో వేయాలి. పాత పేపర్లను గంజితో ఒకదాని మీద ఒకటి అతికించి, ఎండబెట్టి, సున్నం పూసి, దాని మీద రంగులు వేసేవాణ్ణి. వాన పడితే నా కళాఖండాలన్నీ సంకటి అయ్యేవి. అదొక్కటే లోపం.

అలా ఉండగా ఒక దెయ్యం సినిమా వచ్చింది. పేరు చెప్పను. ఆ సినిమావాళ్ళు నాకు ఏ అపకారమూ చేయలేదు. దాంతోపాటు వచ్చిన పోస్టరును విప్పి నేల మీద పరిచాం. ఒక చీకటి గది. ఓరగా తెరిచిన తలుపు. దీపం పట్టుకున్న ఒక ఆడమనిషి కళ్ళు పెద్దవి చేసుకుని ఆ తలుపు సందులోకి చూస్తోంది. సందులో ఏముంది? నల్ల రంగు. అంతే.

నాకు ఒళ్ళు మండింది.

"సామీ, దెయ్యం యాడ?" అన్నాను.

"సినిమాలో ఉండాదంట" అన్నారు గోవిందప్పగారు.

"సినిమాలో ఉంటే సరిపోతాదా? గోడ మీద ఉండొద్దా? లడ్లు అమ్మేవాడు లడ్లు బయట పెడతాడా, ఉత్త తట్ట బయట పెట్టి లోపలికొచ్చి చూసుకోండి అంటాడా?"

"మద్రాసోళ్ళు తెలిసే ఏసింటారు కదరా."

"తెలిసి కాదు సామీ, చేతగాక. దెయ్యాన్ని ఎయ్యడం రాక నల్లరంగు పూసేసినారు. నేను ఏస్తాను సూడండి. తలుపు అట్లే పెడతాను, ఆయమ్మను అట్లే పెడతాను. నడుమ దెయ్యం మొగం పెడతాను. చూసినోడు కుప్పకూలాల."

గోవిందప్పగారు ముక్కుపొడి పీల్చి చెయ్యి దులుపుకున్నారు.

"సూడు సిద్దప్పా. కుప్పకూలితే నాకేం లాభం? పోయేవాడు ఆగాల. ఆగినోడు డేరాలోకి రావాల. బొమ్మ పని అంతే. ఇప్పటికే జనం పల్చబడినారు. ఈ సినిమా గానీ ఆడలేదంటే డేరా విప్పి కుప్పానికి పోతాను. ఆడ కోలారు బొమ్మలాయన ఒకడు పనికొస్తానంటాండాడు. నువ్వు మీ మామ గోతాల కాడికి పోవాల్సి వస్తాది."

గోతాల మాట ఎత్తగానే నా ముక్కుకు బెల్లం వాసన, చెవికి "కోడి బాగుండాది సిద్దప్పా" అన్న మాట వచ్చి తగిలాయి. ప్రాణం పోయినా మళ్ళీ మండీ గడప తొక్కేది లేదనుకున్నాను. ఆ పూటే కుంచె పట్టాను.

భయం పుట్టించడంలో నాకు కొన్ని సిద్ధాంతాలు ఉండేవి. మొదటిది, పెద్దది చిన్నదానికంటే భయంకరం. కాబట్టి ముఖాన్ని చాటంత వేశాను. రెండోది, కళ్ళు ముందుకు పొడుచుకు రావాలి. కాబట్టి కోడిగుడ్లంత కళ్ళు వేసి చుట్టూ ఎర్రగీతలు పెట్టాను. కోరలు, కొమ్ములు, గడ్డం దాటి వేలాడే నాలుక, చెవుల దాకా మీసం. దెయ్యానికి మీసమెందుకని మీకు సందేహం రావచ్చు. మీసం లేకపోతే ముఖంలో చోటు మిగిలిపోయింది. సినిమా పేరు అక్షరాల నుంచి రక్తం కారుతున్నట్టు రాశాను. చూసినవాళ్ళంతా రంగు పల్చగా కలిపావని సలహా చెప్పారు. దీపం పట్టుకున్న ఆడమనిషికి భయం ముఖంలో ఉట్టిపడేట్టు వేశాను. ఆమెకు పన్ను నొప్పి అనుకున్నవాళ్ళూ ఉన్నారు. అయినా ఓర్చుకున్నాను. కొత్తగా ఏదైనా చేసేవాడు ఓర్చుకోవాలి. మరిచిపోకూడదు, అంతే.

మొదట వేసిన ముఖం నాకు నచ్చలేదు. నాలుక పొట్టిగా వచ్చింది. దాన్ని ఇంట్లో ఒక మూలకు విసిరేస్తే నా భార్య రత్నమ్మ తీసి చూసింది.

"ఏందిది?"

"దెయ్యం."

"బాగుండాది."

"బాగుండేదేంది? భయం కాలేదా నీకు?"

"మనింటిదానికి యాల భయం" అని చెంబు తీసుకుని కొట్టంలోకి పోయింది. ఆడవాళ్ళకు కళ తెలియదని ఆ రోజుల్లో నాకొక అభిప్రాయం ఉండేది. తరువాత దాన్ని మార్చుకోవలసి వచ్చింది. ఆ బాధ ముందుంది, వినండి.

పోస్టర్లన్నీ సిద్ధం చేసి పుంగనూరు బజారులో, బస్సులు ఆగే చోట, చౌడేపల్లె దారిలో గోడల మీద అంటించాం. అన్నిటికంటే పెద్దదాన్ని డేరా వాకిట్లో నిలబెట్టాను. ఇంకో రెంటిని ఎద్దుల బండికి ఆ పక్కా ఈ పక్కా కట్టి, ముందు తప్పెట వాయించుకుంటూ వీధులన్నీ తిరిగాం. నేను బండిలో కూర్చుని జనం ముఖాలు చూశాను. ఎవరైనా కేక వేస్తారా, పిల్లలు తల్లుల కొంగుల్లో దూరుతారా అని.

ఒక్కరూ భయపడలేదు. అందరూ సంతోషంగా తల ఊపారు.

"మంచి పని చేసినారప్పా" అన్నాడు ఒక పెద్దాయన డేరా ముందు నిలబడి.

"బాగుండాదా?"

"బలే ఉండాది. ఇంత గట్టిది ఈ చుట్టుపట్ల లేదు" అని, ఒక్కసారి నా బొమ్మను తేరిపార చూసి తన దారిన తాను పోయాడు. నా ఛాతీ పొంగింది. ఆయన పోయిన దారి డేరాలోకి కాదన్న సంగతి నేను గమనించలేదు. ఆయన వెనక వచ్చినవాళ్ళూ అంతే. ఒక్కసారి తేరిపార చూడటం, తల ఊపడం, పోవడం.

ఆ సాయంత్రం డేరాలో చీమలకు కూడా మనుషులు చాలలేదు. గోవిందప్పగారు ఆకాశం వైపు చూసి, మబ్బు పట్టింది కదా అందుకేమోలే అన్నారు. మంచి మనిషి.

తెల్లారి బజారుకు పోయి చూశాను. గోడ మీద పోస్టరు ఉంది. తలుపు ఉంది, దీపం ఉంది, పన్ను నొప్పి ఆడమనిషి ఉంది. దెయ్యం ముఖం లేదు. ఉండవలసిన చోట కాగితాన్ని గోడ దాకా ఎవరో కత్తిరించేశారు. మసిబారిన గోడ నల్లగా కనిపిస్తోంది. బస్సుల దగ్గరా అంతే. చౌడేపల్లె దారిలోనూ అంతే. చివరికి డేరా వాకిట్లో నిలబెట్టినదానికీ ముఖం లేదు.

నేను నేరుగా పోలీసు స్టేషనుకు పోయాను. అక్కడ ఒక జవాను పళ్ళు తోముకుంటున్నాడు.

"ఏం పోయిందప్పా?"

"మొగం."

"ఎవరి మొగం?"

"దెయ్యం మొగం."

ఆయన నోరు పుక్కిలించి ఉమ్మి, మళ్ళీ అడిగాడు. "దొరికితే గుర్తుపడతావా?"

"పట్టనా మరి. నేనేసిందే."

"ఎట్లుంటాదో మాకు తెలియొద్దా? ఒకటి తెచ్చి ఈడ పెట్టిపో."

సాక్ష్యానికేమోనని ఇంట్లో మిగిలిన దెయ్యాల్లోంచి ఒకదాన్ని పరుగెత్తి తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూసి, "బాగుండాదే" అని చుట్టి సంకలో పెట్టుకున్నాడు. కేసు మాత్రం రాసుకోలేదు.

ఇంతకీ దొంగ ఎవరు? నాకు సందేహమే లేదు. మదనపల్లెలో బోర్డులు రాసే ఖాజా సాయిబు. ఒకప్పుడు నేను వేసిన మేక బొమ్మను చూసి, "ఏం భాయ్, మేక నవ్వుతాండాది యాల?" అని అందరి ముందూ అన్న మనిషి. అలాంటివాడు ఏదైనా చేయగలడు. పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సెక్కి మదనపల్లెకు బయలుదేరాను. ఎత్తు వచ్చినప్పుడల్లా ప్రయాణికులంతా దిగి నెట్టాలి. నేను కోపంతో నెట్టాను కాబట్టి బస్సు కాస్త తొందరగానే చేరింది.

ఖాజా సాయిబు అంగడి ముందు ఒక పాల డిపో బోర్డుకు రంగు వేస్తున్నాడు.

"అరే సిద్దప్పా, ఆవో, ఆవో. కూర్చో."

"కూర్చునేదానికి రాలేదు. నా మొగాలు యాడ పెట్టినావు?"

"ఏం మొగాలు?"

"తెలియనట్టు అడగొద్దు. రాత్రికి రాత్రి పుంగనూరుకొచ్చి కత్తిరించినవి."

"నాకా? అంత దూరం బస్సు నెట్టుకుంటా వచ్చి, నువ్వేసిన బొమ్మ నేను దొంగిలించాల్నా?" అని ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నిజంగానే ఆలోచించాడు. "ఎట్లుంటాదో గీసి సూపియ్యి."

సుద్దముక్క తీసుకుని అంగడి గచ్చు మీద గీసి చూపించాను. కళ్ళు, కోరలు, నాలుక, మీసం. ఖాజా సాయిబు గడ్డం నిమురుకుంటూ చుట్టూ తిరిగి చూశాడు.

"దీన్ని ఎవడు ఎత్తుకపోయినాడో గానీ వాడింట్లో ఏదో కష్టముండాది భాయ్" అన్నాడు చివరికి.

ఎంత మాట. నా బొమ్మను దొంగిలించాలంటే మనిషి ఆపదలో ఉండాలట. నేను లేచాను. ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. టీ చాలా బాగుంది. దాంతో నా కోపం ఇంకా పెరిగింది.

మరునాడు పుంగనూరుకు వచ్చేసరికి గోవిందప్పగారు వాకిట్లోనే ఎదురొచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"సిద్దప్పా, యాడికి పోయినావురా? నిన్న సాయంత్రం డేరా నిండిపోయింది. నేల చాలక గుంజల కాడ నిలబడి సూసినారు."

"నేను చెప్పలేదా సామీ" అన్నాను. "మొదటి రోజు నా దెయ్యం మొగం సూసినోళ్ళు ఊరంతా చెప్పినారు. అది ఇప్పుడు పని చేస్తాంది. మొగాలు పోతేనే ఇంతమంది వస్తే, మొగాలుంటే ఎంతమంది వస్తారు?"

ఈ లెక్కలో తప్పెక్కడుందో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియలేదు. గోవిందప్పగారికీ తెలియలేదు. ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. అన్నీ నన్నే అంటారు.

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని కొత్త ముఖాలు వేశాను. పాతవాటికంటే పెద్దవి. గంజి బకెట్టు తీసుకుని ఊరంతా తిరిగి, ఎక్కడెక్కడ రంధ్రం ఉందో అక్కడల్లా ఒక ముఖాన్ని అతి జాగ్రత్తగా అతికించాను. మూలలు లేవకుండా అరచేత్తో నొక్కి మరీ. మనిషన్నవాడు ఏ పనైనా శ్రద్ధగా చేయాలంటారు కదా. నేను అంత శ్రద్ధగా చేసిన పని నా జీవితంలో ఇంకోటి లేదు.

ఆ సాయంత్రం డేరా ఖాళీ. మబ్బు కూడా లేదు.

"ఏందిరా ఇది? నిన్నటి జనం యాడపోయిరి?" అన్నారు గోవిందప్పగారు.

"మొగం సాల్లేదు సామీ. ఇంకా పెద్దది కావాల."

ఇంకా పెద్దది వేశాను. ఈసారి దీపం పట్టుకున్న ఆడమనిషికి చోటు చాలక ఆమె దెయ్యం చెవి కింద జూకాలాగా మిగిలింది. మరునాటి సాయంత్రం ఇంకా ఖాళీ. ఆపరేటరు రీలు మార్చేటప్పుడు బయటకు వచ్చి, "చూసేది నేనొక్కణ్ణేనా?" అని అడిగాడు.

గోవిందప్పగారు ముక్కుపొడి డబ్బా మూత పెట్టేశారు. ఆయన డబ్బా మూసి మాట్లాడితే మాట ఖాయమన్నమాట.

"రేపు సంత. పల్లెజనమంతా వస్తారు. రేపు గూడా ఇట్లే ఉంటే డేరా విప్పుతా. నువ్వు మీ మామకు కబురు పెట్టుకో."

సంత రోజు నేను పొద్దున్నే ఒక కర్ర తీసుకుని బజారు గోడ మీది పోస్టరుకు కాపలా కూర్చున్నాను. ఆ పూట గనక దొంగ దొరక్కపోతే నా కుంచెకు నూకలు చెల్లినట్టే. ఎండెక్కింది. కూరగాయల గంపలు, పశువులు, దుమ్ము. నేను కాస్త పక్కకు తిరిగి ఎవరో నాకు దండం పెట్టలేదని బాధపడుతుండగా వెనక కరకరమని చప్పుడైంది. తిరిగి చూస్తే పట్టపగలు, నడిబజారులో ఒకామె గంప కింద పెట్టి, కత్తెరతో నా దెయ్యం ముఖాన్ని చెవి వెంబడే కత్తిరిస్తోంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె సిగ్గుపడలేదు, అదరలేదు. "ఉండప్పా, మీసం తెగిపోతాది" అంది.

"ఏమ్మా, దొంగతనం చేస్తా నాకు బుద్ధులు చెబుతావా?"

"దొంగతనమేంది? మొగమొక్కటే కదా తీసుకునేది. మిగతాదంతా నీకే పెట్టినా."

"నీకెందుకు ఆ మొగం?"

"మా ఎనుము పాలు చేపడంలేదప్పా. ఎవరి పాడు కన్నో పడింది. దీన్ని కొట్టానికి కడితే సరిపోతాదన్నారు. మా ఊళ్ళో అందరూ కట్టుకున్నారు. నేనే లేటు."

"ఎవరన్నారు?"

"టాకీసుకు బొమ్మలేసే ఆయప్ప పెండ్లామే అనింది."

పుంగనూరులో టాకీసుకు బొమ్మలేసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె పేరు యల్లమ్మట, ఊరు చౌడేపల్లె పక్కన. "పద, ఎవరనిందో సూపియ్యి" అన్నాను. ఆమె ముఖాన్ని చుట్టి గంపలో పెట్టుకుని ముందు నడిచింది. దారి నాకు బాగా తెలిసిన దారే. నేరుగా మా ఇంటి వెనక కొట్టం దగ్గరకు తీసుకుపోయింది. నేను పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ కొట్టంలోకి తొంగి చూసినవాణ్ణి కాను. బొమ్మలేసేవాడికి పేడ వాసన పనికిరాదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను.

కొట్టం దూలానికి, నాలుక పొట్టిగా వచ్చిందని నేను విసిరేసిన దెయ్యం వేలాడుతోంది. నుదుట కుంకం, కింద ఎండుమిరపకాయలు, నిమ్మకాయ. దాని కింద మా పొట్టి ఆవు నెమరు వేస్తూ నన్ను పైనుంచి కిందికి చూసింది. అది నా నడుమెత్తు కూడా ఉండదు. అయినా పైనుంచి కిందికే చూసింది.

"ఏందిది?" అన్నాను.

"నువ్వు పారేసిన మొగం" అంది రత్నమ్మ, చెంబు పక్కన పెట్టి.

"ఈడ యాల కట్టినావు?"

"ఇది తన్నేది, చేపేది కాదు. దిష్టి తగిలిందని మీ అమ్మే అనె. ఈ మొగం కట్టిన పొద్దే చెంబు నిండింది. దినామూ నువ్వు తాగే పాలు యాడివనుకుంటివి?"

"నాకు చెప్పొద్దా?"

"చెప్పేదానికి నువ్వు ఇంట్లో ఉంటివా? ఉన్నంతసేపూ నిన్ను ఎవరెవరు ఏమేమనిరో చెబుతాంటివి. నడుమ నాకు సందేది?"

"ఊరోళ్ళందరినీ గోడల మీద కత్తిరించుకోమని నువ్వే చెప్పినావా?"

"కత్తిరించుకోమనలేదు. యాడ దొరుకుతాయంటే యాడుండాయో చెప్పినా."

యల్లమ్మ నా వాలకం చూసి జాలిపడింది. "మా కోడలు బిడ్డను కనింది నాయనా. ఉయ్యాల కాడ కట్టేదానికి ఒక చిన్నది ఏసిస్తావా? ఇదైతే బిడ్డకంటే పెద్దదుండాది."

నేను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. దెయ్యమనుకుని నేను వేసింది అచ్చంగా దిష్టిబొమ్మ. పుట్టినప్పటి నుంచీ కొత్త ఇళ్ళ మీద, చిక్కుడు పందిళ్ళ మీద, కొట్టాల మీద చూసిన ముఖమే నా చేతికి వచ్చింది. ఇంకో భయంకరమైన ముఖం నేనెప్పుడు చూశాను గనక? దిష్టిబొమ్మ పని ఏమిటి? పోయేవాడి చూపును తన మీదకు లాగేసుకుని, వెనక ఉన్నదాని మీద పడకుండా చేయడం. నా బొమ్మ ఆ పని వంచన లేకుండా చేసింది. జనం దాన్ని ఒకసారి చూశారు. వెనక ఉన్న డేరా ఎవరి కంటా పడలేదు. సినిమా డేరాకు దిష్టి తగలకుండా కట్టారనుకుని, మంచి పని చేశారని మెచ్చుకుని పోయారు.

ఇంత తెలిసినవాడు ఇక ఏం చేయాలి? బుద్ధిమంతుడైతే అక్కడితో ఆగాలి. నాకు మాత్రం ఒకటే ఆలోచన. బజారులో నా పోస్టరు ముఖం లేకుండా ఉంది, సంత జనమంతా చూస్తున్నారు, సాయంత్రం ఆట మీద నా బతుకు ఉంది. మిగిలిన ఆఖరి ముఖాన్ని, గంజి బకెట్టును పట్టుకుని పరుగెత్తాను.

గోడ దగ్గర గుంపు. నేను ఇన్ని రోజులూ బండిలో తిరిగి తప్పెట కొట్టించినా చేరని గుంపు. అందరూ రంధ్రంలోకి చూస్తున్నారు. రంధ్రంలో మసిబారిన గోడ తప్ప ఏమీ లేదు. పన్ను నొప్పి ఆడమనిషి కూడా అందులోకే చూస్తోంది. చిత్రమేమిటంటే, ముఖం లేకపోయేసరికి ఆమెకు ఉన్నది పన్ను నొప్పి అనిపించడం లేదు. నిజంగానే దేన్నో చూసి హడలిపోయినట్టుంది.

"ఈడ ఏముండె?"

"దెయ్యం మొగమంట."

"మరి యాల తీసేసినారు?"

"దాన్ని సూసి ఎవరికో జరమొచ్చిందంట."

"జరం కాదు, మాటే పడిపోయిందంట."

"పోలీసోళ్ళే కత్తిరించినారంట. ఈ బొమ్మలాయన స్టేషను కాడికి పరిగెత్తింది నా కండ్లతో సూసినా."

"అయితే డేరాలో గూడా తీసేసినారా?"

"పోయి సూస్తే కదా తెలిసేది."

నేను జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాను. "జరగండి, జరగండి, ఒక్క నిమిషంలో సరి చేసేస్తాను" అని గంజి పూసి, ముఖాన్ని రంధ్రం మీదకు ఎత్తాను. ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. గోవిందప్పగారు. ఆయన ఎప్పుడొచ్చారో, ఎంతసేపటి నుంచి ఆ గుంపులో నిలబడి వింటున్నారో నాకు తెలియదు.

"ఒరే సిద్దప్పా" అన్నారు చాలా నెమ్మదిగా. "ఆ మొగం గానీ అంటిస్తివా, నిన్ను దాని పక్కన అంటిస్తా."

"సామీ, బొమ్మ పాడైపోయింది కదా."

"పాడైందా? నేను ఇన్నేండ్లుగా ఇట్లాంటి పాడు కోసమే తిరుగుతాండానురా. నిండిన రోజు మొగం ఉండెనా?"

"లేదు."

"ఖాళీ పడిన రోజు?"

గంజి నా మోచేతి మీదుగా కారుతోంది.

ఆ సాయంత్రం సంత సంతంతా డేరాలోకి వచ్చి కూర్చుంది. ఊళ్ళో మిగిలిన ముఖాలన్నీ గోవిందప్పగారు దగ్గరుండి పీకించారు. పీకుతుంటే, ఇంటికి కట్టుకుంటామని అడిగి తీసుకున్నవాళ్ళు కొట్లాడుకున్నారు. నా కళకు అంత గిరాకీ అంతకు ముందూ లేదు, తరువాతా లేదు. స్టేషను దారిలో పోతుంటే ఆ జవాను ఇంటి చిక్కుడు పందిరి మీద నేనిచ్చిన సాక్ష్యం గాలికి ఊగుతూ కనిపించింది.

డేరా అనుకున్నదానికంటే చాలా ఎక్కువ రోజులు పుంగనూరులో ఆడి, ఆ తరువాతే కుప్పానికి కదిలింది. కోలారు బొమ్మలాయనకు రావద్దని కబురు పోయింది. నన్ను పిలిచి గోవిందప్పగారు తీర్పు చెప్పారు.

"నువ్వు కుప్పానికి రా. బొమ్మలు నువ్వే ఎయ్యాల. మొగం గూడా ఎయ్యాల, లేకుంటే కత్తిరించినట్టుండదు. కత్తెర మాత్రం మీ ఇంటామె చేతిలో ఉండాల."

"ఆమె యాల సామీ? నేను కత్తిరించుకోలేనా?"

"నువ్వు కత్తిరిస్తే మళ్ళా అంటిస్తావు."

అలా నేను గోతాల పాలు కాకుండా బతికాను. రత్నమ్మ నాతోపాటు కుప్పానికి వచ్చింది. నేను పగలంతా కళ్ళు, కోరలు, మీసం తీర్చిదిద్దితే, ఆమె సాయంత్రం కూర్చుని పరపరా కోసేసేది. గుండ్రంగా కోయమ్మా, అందంగా ఉంటుందని చెప్పాను. "గుండ్రంగా కోస్తే గడియారం ఊడిపోయినట్టుంటాది" అంది. అంచులు వంకరటింకరగా, ఏదో గోళ్ళతో చీల్చుకుని బయటికి పోయినట్టు కోసేది. నాకు తెలియని విద్య ఆమెకు ఎక్కడిదో, నేను అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

కోసిన ముఖాలను రామకుప్పం రైతులు అడవిపందులు చేలో దిగకుండా కడతామని పట్టుకుపోయేవారు. వారం తిరక్కుండా ఒకాయన వచ్చి, అడవిపంది రాగిచేనంతా తిని నా బొమ్మను కూడా తిన్నదని చెప్పాడు. గంజి రుచి మరిగి ఉంటుంది. ఆ పంది మీద కూడా నాకు కోపమే.

కుప్పంలో మొదటి పోస్టరు రైల్వే స్టేషను గోడకు అంటించాం. నేను బకెట్టు పట్టుకుని, రత్నమ్మ కత్తెర పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాం. రైలు దిగిన ఒక ముసలాయన మూట భుజాన వేసుకుని పోతూ పోతూ ఆగాడు. రంధ్రం ముందు నిలబడి చాలాసేపు చూశాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. మళ్ళీ రంధ్రంలోకి చూశాడు.

"ఎవరప్పా దీన్ని ఏసింది?" అని నన్నడిగాడు.

నేను ముందుకు రెండడుగులు వేశాను. గొంతు సవరించుకున్నాను. జీవితంలో మొదటిసారి ఒక పరాయి మనిషి ఆ ప్రశ్న అడుగుతున్నాడు.

"ఆ నడుమ సందు సూడు. లోపల ఏదో కదిలినట్టే ఉండాది. ఆ సందు ఏసినోళ్ళ చెయ్యి కండ్లకద్దుకోవాల" అన్నాడు ముసలాయన.

అబద్ధం చెబుదామనుకున్నాను. కత్తెర పక్కనే ఉంది.

"సందు ఏసింది కాదు తాతా, కోసింది. మా ఇంటామె."

ఆయన మూట దించి రత్నమ్మకు రెండు చేతులా దండం పెట్టాడు. రత్నమ్మ నా ముఖం చూసింది. ఆమెది మెత్తని మనసు.

"మా ఆయప్ప గూడా చుట్టూరా బాగానే ఏసినాడులే తాతా" అంది.

ఆ క్షణంలో, కుప్పం రైల్వే స్టేషను గోడ ముందు, గంజి బకెట్టును కింద పెట్టి, కుడిచేతిని గుండె మీద ఉంచి నేనొక ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్ళీ ఏ దెయ్యానికీ నా ఇష్టంతో ముఖం పెట్టను. ఏ దెయ్యమైనా స్వయంగా ఇంటికి వచ్చి, పీట వేసుకుని నా ముందు కూర్చుని, "నా మొగమొక్కటి ఎయ్యి సిద్దప్పా" అని కాళ్ళావేళ్ళా పడినా సరే, చుట్టూరా వేసి పంపించేస్తాను.